బీబీసీ మైక్రో ఫ్లాపీ డ్రైవు ఈనాటి ల్యాప్‌టాప్‌కు: కొన్నేళ్ల వాడకం తర్వాత సమీక్ష

బీబీసీ మైక్రో కంప్యూటర్‌తో వచ్చిన 5.25 అంగుళాల జంట ఫ్లాపీ డ్రైవు పెట్టెను 2021 నుంచి నా ల్యాప్‌టాప్‌కు తగిలించి వాడుతున్నాను. రెండింటినీ కలిపేది గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డు. ఒడిశాలోని మా పర్లాకిమిడిలో కానీ, సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నంలో కానీ, అటు గుణుపురం, రాయగడ వైపు కానీ ఎవరి ఇంటి అటక మీదైనా పాత ఫ్లాపీలు బయటపడితే ఇప్పుడు అవి నా బల్ల మీదికే వస్తున్నాయి. తెలుగు ప్రెస్సుల డిస్కులు, బడుల ప్రశ్నపత్రాలు, సంఘాల సభ్యత్వ పట్టికలు, చిట్ల లెక్కలు, అన్నీ చదివించాను. ఆ అనుభవంతో తీర్పు ముందే చెబుతాను: ఈ రకం ఫ్లాపీల్లో ఏముందో బయటికి తీయడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు ఇంతవరకు కనబడలేదు. డ్రైవు పాతదే కావాలి, దాన్ని వినే బోర్డు కొత్తది కావాలి. రెండూ కొత్తవైతే పని జరగదు, రెండూ పాతవైనా జరగదు.

పెట్టె సంగతి ముందు చెప్పాలి. 1984లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పథకంతో ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ చదువు మొదలుపెట్టినప్పుడు పిల్లల ముందు పెట్టిన యంత్రం బీబీసీ మైక్రో. బ్రిటన్‌లో ఎకార్న్ సంస్థ 1981లో తెచ్చిన కంప్యూటర్ అది. 2 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే 6502 ప్రాసెసర్, 32 కిలోబైట్ల మెమరీ. డిస్కు డ్రైవు దాని కడుపులో ఉండదు, బయట పెట్టెలో ఉంటుంది. ఒక పాఠశాల తుక్కు సామాను వేలం వేసినప్పుడు నాకు దొరికిన కంప్యూటర్ బోర్డు పూర్తిగా తుప్పుపట్టి పనికిరాకుండా పోయింది. డ్రైవుల పెట్టె మాత్రం దళసరి ఇనుప రేకుతో చేసినది, లోపల దుమ్ము తప్ప ఏమీ చెడలేదు. మూత విప్పితే రెండు టీయాక్ ఎఫ్‌డీ-55ఎఫ్ డ్రైవులు కనిపించాయి. నా ఆనందానికి కారణం అదే.

ఆ ఎఫ్ అనే అక్షరం చాలా ముఖ్యం. ఎఫ్‌డీ-55బీ అయితే 40 ట్రాకులు (డిస్కు మీద సమాచారం రాసే వలయాలు), రెండు వైపులా. ఎఫ్ అయితే 80 ట్రాకులు, రెండు వైపులా, నిమిషానికి 300 తిప్పులు. జీఎఫ్‌ఆర్ అయితే 1.2 మెగాబైట్ల ఫ్లాపీల కోసం 360 తిప్పులకు తిరిగేది. మన ప్రాంతంలో మిగిలి ఉన్న 5.25 అంగుళాల ఫ్లాపీల్లో ఎక్కువ భాగం 360 కిలోబైట్లవి, అంటే 40 ట్రాకులవి. అవి రాసినప్పుడు డిస్కు నిమిషానికి 300 సార్లు తిరిగింది కనుక, అదే వేగంతో తిరిగే డ్రైవులో చదివితే లెక్క సూటిగా కుదురుతుంది. డిస్కు మీద అయస్కాంత దిశ మారే చోట్ల మధ్య వ్యవధి 4, 6, 8 మైక్రోసెకన్లుగా వస్తుంది. 360 తిప్పుల డ్రైవులో పెడితే ఆ వ్యవధులన్నీ ఆరింట ఐదు వంతులకు కుదించుకుపోతాయి. సాఫ్ట్‌వేర్ సర్దుకోగలదు, నిజమే. కానీ డిస్కు ఇప్పటికే చెడి, సంకేతం బలహీనంగా ఉన్నప్పుడు ఇంకొక సర్దుబాటు పెట్టుకోకుండా ఉండడమే మేలు.

ఇంకొక లాభం హెడ్డు (డిస్కును తాకి చదివే భాగం) వెడల్పులో ఉంది. 40 ట్రాకుల డ్రైవు రాసిన గీత దాదాపు 0.33 మిల్లీమీటర్లు ఉంటుంది. 80 ట్రాకుల డ్రైవు హెడ్డు అందులో సగం. సన్నని హెడ్డు వెడల్పాటి గీత నడిమధ్యన కూర్చుంటుంది కాబట్టి అంచుల్లోని చెత్త దాకా పోదు. ఆ పాత డిస్కు రాసిన డ్రైవు అమరిక కొంచెం తప్పి ఉన్నా, ఒక్కో అడుగు పక్కకు జరిపి చూసే వీలుంటుంది. ప్రెస్సు డిస్కులు కొన్నింటిలో మామూలు స్థానంలో రాని సెక్టార్లు (ట్రాకులోని ముక్కలు) పక్క స్థానంలో తేటగా వచ్చాయి. 40 ట్రాకుల డ్రైవుతో ఆ అవకాశమే లేదు.

పెట్టె వెనక 40, 80 అని రాసిన ఒక మీట ఉంది. దాన్ని 40 వైపు తిప్పితే డ్రైవే ఒక్కో ఆజ్ఞకు హెడ్డును రెండడుగులు జరుపుతుంది, 40 ట్రాకుల డిస్కుకు అలాగే కావాలి. నేను దాన్ని ఎప్పుడూ 80 దగ్గరే ఉంచుతాను. రెండడుగుల సంగతి సాఫ్ట్‌వేర్‌కే వదిలేస్తే అదుపు అంతా ఒకేచోట ఉంటుంది. మీట ఎటు ఉందో మరిచిపోయి సగం డిస్కు చదివి సరిపెట్టుకునే ప్రమాదం ఉండదు.

ఇక కలపడం. ఈ పని చాలామంది అనుకునేంత కష్టం కాదు, కానీ ఎందుకు కష్టం కాదో తెలిసి చేస్తేనే ధైర్యం వస్తుంది. 1976లో షుగార్ట్ అసోసియేట్స్ తెచ్చిన ఎస్ఏ400 డ్రైవుతో 34 తీగల పద్ధతి స్థిరపడింది. బేసి సంఖ్య తీగలన్నీ గ్రౌండు, సరి సంఖ్య తీగల్లో సంకేతాలు. 8వ తీగలో డిస్కు ఒక చుట్టు తిరిగిందని చెప్పే ఇండెక్సు, 16లో మోటారు, 18లో దిశ, 20లో అడుగు, 26లో సున్నా ట్రాకు, 30లో చదివిన సమాచారం, 32లో ఏ వైపు అన్నది. బీబీసీ మైక్రో దీన్ని యథాతథంగా పాటించింది. డ్రైవు నుంచి వచ్చే రిబ్బన్ కేబుల్ చివర 34 రంధ్రాల సాకెట్ కంప్యూటర్ అడుగున దూరేది. గ్రీజ్‌వీజిల్ బోర్డు మీద ఉన్న 34 పిన్నుల వరుసలో అదే సాకెట్ సరిగ్గా దిగుతుంది. కోయడం, అతకడం ఏమీ లేదు. రిబ్బన్‌లో ఎర్ర చార ఉన్న తీగ 1వ పిన్ను వైపు ఉందో లేదో చూసుకుంటే చాలు. తిరగేసి పెడితే డ్రైవు దీపం ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది. అది కనబడగానే కరెంటు తీసేయాలి.

ఐబీఎం తరహా పీసీల కేబుల్ వాడి అలవాటైనవారు తడబడేది ఒకచోటే. పీసీ కేబుల్‌లో 10 నుంచి 16 దాకా తీగలు మెలితిరిగి ఉంటాయి. ఆ మెలిక వల్ల ఏది ఎ డ్రైవు, ఏది బి డ్రైవు అన్నది తేలుతుంది. బీబీసీ కేబుల్‌లో మెలిక లేదు. ఒక్కో డ్రైవు మీద చిన్న జంపర్‌తో (రెండు పిన్నులను కలిపే బుల్లి మూతతో) నువ్వు సున్నా, నువ్వు ఒకటి అని పేరు పెడతారు. కనుక గ్రీజ్‌వీజిల్‌కు ఎ, బి అని కాకుండా 0, 1 అని చెప్పాలి. అంతే, డ్రైవు పలుకుతుంది. 34వ పిన్ను విషయంలో కూడా రెండు సంప్రదాయాలు ఉన్నాయి. పాత డ్రైవులు అక్కడ సిద్ధంగా ఉన్నాను అని చెబుతాయి, పీసీ డ్రైవులు డిస్కు మార్చారు అని చెబుతాయి. మామూలు పీసీ కంట్రోలర్‌కు ఈ తేడా తలనొప్పి. గ్రీజ్‌వీజిల్ చదవడానికి ఆ పిన్ను మీద ఆధారపడదు, కాబట్టి జంపర్లు మార్చే అవసరం రాలేదు. కేబుల్ చివర ఉన్న డ్రైవులో మాత్రమే 150 ఓముల టెర్మినేటర్ (సంకేతం చివర తగిలి వెనక్కి రాకుండా ఆపే రెసిస్టరు) ఉండాలన్నది పాత నియమం. నా పెట్టెలో అలాగే ఉంది, నేను దాన్ని కదపలేదు.

కరెంటు విషయంలో మాత్రం తొందరపడకూడదు. 5.25 అంగుళాల డ్రైవుకు 5 వోల్టులతో పాటు 12 వోల్టులు కూడా కావాలి. మోటారును తిప్పేది ఆ 12 వోల్టులే. ల్యాప్‌టాప్ యూఎస్‌బీ నుంచి 5 వోల్టులే వస్తాయి. ఇక్కడే ఆ పాత పెట్టె విలువ తెలుస్తుంది, ఎందుకంటే దాని కరెంటు సరఫరా దాని లోపలే ఉంది. అయితే నలభై ఏళ్ల నాటి పెట్టెను తెచ్చి నేరుగా గోడ ప్లగ్గులో పెట్టడం నేను ఒప్పుకోను. ఆ కాలపు పరికరాల్లో కరెంటు లోపలికి వచ్చే చోట పసుపుగా, పారదర్శకంగా ఉండే కాగితపు కెపాసిటర్ ఒకటి ఉండేది. ఏళ్లు గడిచేకొద్దీ దాని పైతొడుగు పగిలి తేమ లోపలికి పోతుంది. ఆ తర్వాత కరెంటు పెడితే పొగ చిమ్మి పేలుతుంది. మా వీధిలో టీవీలు బాగుచేసే మేస్త్రీ దాన్ని, ఉబ్బిన పెద్ద కెపాసిటర్లను ముందే మార్చారు. డ్రైవుల తీగలు ఊడదీసి, మల్టీమీటర్‌తో ఎర్ర తీగలో 5, పసుపు తీగలో 12 వస్తున్నాయని చూసి, ఆ తర్వాతే తగిలించాం. ఎర్తు సరిగా ఉన్న ప్లగ్గునే వాడాలి. డ్రైవు పెట్టె, బోర్డు, ల్యాప్‌టాప్ మూడింటి గ్రౌండూ ఈ రిబ్బన్ కేబుల్ ద్వారా ఒకటైపోతుంది కాబట్టి ఒకచోట లోపం ఉంటే అది ల్యాప్‌టాప్ దాకా వస్తుంది.

బోర్డు గురించి. గ్రీజ్‌వీజిల్‌ను రూపొందించినది కీర్ ఫ్రేజర్. సాఫ్ట్‌వేర్ ఉచితం, మూలం అందరికీ తెరిచి ఉంది. బోర్డు దిగుమతి సుంకం, కొరియర్ ఖర్చులతో కలిపి నాకు ఐదు వేల రూపాయల ప్రాంతంలో పడింది. మామూలు ఫ్లాపీ కంట్రోలర్ డిస్కు మీది గుర్తులను తానే అర్థం చేసుకోవాలని చూస్తుంది. అర్థం కాకపోతే చదవలేను అని చేతులెత్తేస్తుంది. గ్రీజ్‌వీజిల్ అర్థం చేసుకోవడానికి ప్రయత్నించకుండా, అయస్కాంత దిశ ఎప్పుడెప్పుడు మారిందో ఆ సమయాలను రాసుకుంటుంది. ఒకే ట్రాకును కొన్ని చుట్లు వింటుంది. దాని అర్థం ల్యాప్‌టాప్‌లో తర్వాత తీరికగా తేల్చుకోవచ్చు. 360 కిలోబైట్ల డిస్కుకు ఇలా పది ఇరవై మెగాబైట్ల దస్త్రం తయారవుతుంది. ఈ రోజుల్లో అది లెక్కలోకి రాదు. డిస్కు మళ్లీ తిరగకపోయినా ఆ దస్త్రం మీద ఎన్నిసార్లైనా ప్రయత్నించవచ్చు. బూజు పట్టిన డిస్కు ఒక్కసారే తిరుగుతుందేమో అన్న భయం ఉన్నప్పుడు ఈ ఒక్క గుణం కోసమే బోర్డుకు ఎంతైనా ఇవ్వవచ్చు.

బీబీసీ డిస్కులకైతే దీనికి ప్రత్యామ్నాయం దాదాపు లేదు. ఆ కంప్యూటర్ మొదటి డిస్కు పద్ధతిలో సమాచారం ఎఫ్ఎం అనే సింగిల్ డెన్సిటీ విధానంలో ఉంటుంది, సెక్టారుకు 256 బైట్లు, ట్రాకుకు 10 సెక్టార్లు. పీసీలు వాడింది ఎంఎఫ్ఎం, సెక్టారుకు 512 బైట్లు, ట్రాకుకు 9. చాలా పీసీ కంట్రోలర్లు ఎఫ్ఎంను చదవలేవు. యూఎస్‌బీకి తగిలించే చవక ఫ్లాపీ డ్రైవులకు 3.5 అంగుళాల్లో 720 కిలోబైట్లు, 1.44 మెగాబైట్లు తప్ప వేరే లోకం తెలియదు. గ్రీజ్‌వీజిల్‌కు ఎకార్న్ పద్ధతి అని చెబితే చాలు, ఒక వైపుకు గరిష్ఠంగా 31 దస్త్రాలు పట్టే ఆ పాత జాబితా అలాగే బయటికి వస్తుంది. వచ్చిన డిస్కు ప్రతిబింబాన్ని, అంటే డిస్కు మొత్తానికీ నకలైన దస్త్రాన్ని, బీబ్ఎమ్ అనే ఎమ్యులేటర్‌లో (ల్యాప్‌టాప్‌ను బీబీసీ మైక్రోలా నటింపజేసే సాఫ్ట్‌వేర్‌లో) తెరిచి, ఒక బడి డిస్కులోని బేసిక్ ప్రోగ్రాములను ఈనాటి తొమ్మిదో తరగతి పిల్లలకు చూపించాను. ఎక్కాలు అడిగి తప్పైతే మళ్లీ అడిగే చిన్న ప్రోగ్రాము అది. ఎవరు రాశారో డిస్కు మీద లేదు. పిల్లలు వరుసలు మార్చి, పదహారో ఎక్కం దాకా పొడిగించి ఇంటికెళ్లారు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం.

మా ఊరిలో తెలుగు, ఒడియా రెండింటిలోనూ శుభలేఖలు వేసిన ఒక ప్రెస్సు ఉండేది. యజమాని కాలం చేశాక వారి అమ్మాయి ఒక బిస్కెట్ల డబ్బా నిండా 360 కిలోబైట్ల ఫ్లాపీలు తెచ్చి, "మాస్టారూ, నాన్నగారు టైపు చేసినవి ఇందులో ఏమైనా మిగిలాయా?" అని అడిగింది. పీసీలో జిస్ట్ కార్డు పెట్టి డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టం కింద చేసిన పని అది. జిస్ట్ అనేది కాన్పూర్ ఐఐటీలో పుట్టి, తర్వాత సీడాక్ అనే ప్రభుత్వ సంస్థ చేతుల్లో పెరిగిన సాంకేతికత. కార్డును కంప్యూటర్ లోపల గుచ్చితే ఇంగ్లీషు అక్షరాల తెర మీద తెలుగు, ఒడియా, హిందీ కనిపించేవి. ఆ దస్త్రాల్లో అక్షరాలు ఇస్కీ అనే సంకేత పద్ధతిలో ఉంటాయి. 1991లో అది ఐఎస్ 13194 పేరుతో భారత ప్రమాణమైంది.

ఇస్కీలో గొప్పదనం సరిహద్దులో ఉండేవారికి వెంటనే అర్థమవుతుంది. క అనే అక్షరానికి సంకేతం 179. అది తెలుగు క అయినా 179, ఒడియా క అయినా 179. ఏ లిపిలో చూపించాలో చెప్పే చిన్న గుర్తు ఒకటి ముందు ఉంటుంది, అంతే. కనుక ఆ ప్రెస్సాయన పెళ్లికూతురు పేరు, ఊరు, ముహూర్తం ఒక్కసారి తెలుగులో కొట్టి, లిపి గుర్తు మార్చి అవే పేర్లను ఒడియాలో చూపించేవారు. ఆయన డిస్కులు చదివించాక ఈ విషయం దస్త్రాల్లోనే కనబడింది. ఒకే వరుస రెండుసార్లు, మధ్యలో ఒక్క బైటు తేడా. ఒడియా వాక్యాలు వేరుగా రాసుకున్నారు, పేర్లకు మాత్రం ఈ ఉపాయం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు గీసిన సరిహద్దుకు ఇవతల ఉన్న మా ఇళ్లలో వియ్యంకులు ఒకవైపు ఒడియా, ఒకవైపు తెలుగు కావడం మామూలే. ఆ ఇళ్ల పేర్లన్నీ రెండు లిపుల్లో ఆ డబ్బాలో ఉన్నాయి.

ఒకచోట మాత్రం చేత్తో దిద్దాల్సి వచ్చింది. తెలుగులో ఎ, ఏ వేరు, ఒ, ఓ వేరు. ఒడియా లిపిలో హ్రస్వ ఎ, ఒ లు లేవు. వెంకట అని తెలుగులో కొట్టి లిపి గుర్తు మార్చితే, ఆ ఎత్వం సంకేతానికి ఒడియాలో సమానమైనది ఉండదు. ప్రెస్సాయన కొన్నిచోట్ల దాన్ని ఏత్వంగా మార్చుకున్నారు, కొన్నిచోట్ల తొందరలో వదిలేశారు. ఈనాటి కంప్యూటర్లు వాడే యూనికోడ్ పద్ధతిలోకి మార్చేటప్పుడు అలా వదిలేసినవి ఖాళీలుగా మిగిలాయి. వాటిని వెతికి ఏత్వంగా సరిచేశాను. మిగిలినదంతా దాదాపు ఒకటికొకటి మారిపోయింది, ఎందుకంటే యూనికోడ్‌లో భారతీయ లిపుల అమరికకు మూలం 1988 నాటి ఇస్కీయే. ఆ తర్వాతి కాలపు డీటీపీ దస్త్రాలతో ఈ సుఖం లేదు. వాటిలో అక్షరం బదులు ఫాంటులోని ముక్కల సంకేతాలు ఉంటాయి, ఒక్కో ఫాంటుకు ఒక్కో పట్టిక కావాలి. అందువల్ల 1990 దశకం చివరి దస్త్రాలకంటే అంతకుముందు జిస్ట్‌తో చేసినవే ఇవాళ తేలిగ్గా చదవగలుగుతున్నాం. ప్రమాణం పాటించిన పని ఎంత కాలం నిలుస్తుందో ఆ డబ్బా చూపించింది.

డిస్కుల ఆరోగ్యం గురించి ఎంత చెప్పినా తక్కువే. మహేంద్రతనయ ఒడ్డున ఉండే మా ఊళ్లో వానాకాలం గాలిలో తేమకు ఫ్లాపీల మీద బూజు తప్పదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను వరదలతో ముంచినప్పుడు తడిసిన డిస్కులు కూడా నా దగ్గరికి వచ్చాయి. డిస్కు కవరు మధ్యలో హెడ్డు తాకే పొడుగాటి సందు ఉంటుంది. డిస్కును వేలితో మెల్లగా తిప్పుతూ ఆ సందులోంచి వెలుతురులో చూడాలి. బూడిద రంగు మచ్చలు, సాలెగూడు లాంటి గీతలు కనిపిస్తే డ్రైవులో పెట్టకూడదు. అలాంటి డిస్కు ఒక్కటి చాలు, హెడ్డుకు మకిలి అంటి తర్వాత పెట్టే మంచి డిస్కును కూడా గీరేస్తుంది.

నా పద్ధతి ఇది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలు రాలని మెత్తని గుడ్డ. సందులోంచి కొంచెం కొంచెం తుడుస్తూ తిప్పుతాను, రెండు వైపులా. బురద పట్టినవైతే కవరు అంచును జాగ్రత్తగా తెరిచి, లోపలి పలుచని డిస్కును బయటికి తీసి, డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క సబ్బు వేసి కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టి, ఖాళీ చేసిన మంచి కవరులో పెట్టి చదివిస్తాను. తిత్లీ డిస్కుల్లో చాలావరకు ఇలాగే బతికాయి. కొన్నింటి పూత పొడిలా ఊడి వచ్చింది, వాటిని ఏ డ్రైవూ కాపాడలేదు. చదువుతుండగా కీచుమనే శబ్దం వస్తే వెంటనే ఆపాలి. పూత ఊడుతోందని అర్థం. హెడ్డును శుభ్రం చేయడానికి అదే ఆల్కహాల్, దూది పుల్ల. పై హెడ్డును పట్టి ఉంచే రేకు సున్నితమైనది కనుక దాన్ని ఎత్తి పట్టడం కాకుండా, పుల్లనే లోపలికి జాపాలి. పెట్టెలో రెండు డ్రైవులు ఉండడం ఇక్కడ పెద్ద సౌకర్యం. అనుమానపు డిస్కులకు ఒకటి, మంచివాటికి ఒకటి అని విడదీసి పెట్టుకున్నాను.

మరో జాగ్రత్త. 5.25 అంగుళాల డిస్కుకు పక్కన చదరపు గాటు ఉంటుంది. అది తెరిచి ఉంటే రాయవచ్చు, మూసి ఉంటే రాయలేరు. 3.5 అంగుళాల వాటిలో ఇది సరిగ్గా తిరగబడింది, రంధ్రం తెరిచి ఉంటేనే రాయడానికి వీలుండదు. నా చేతికి వచ్చిన ప్రతి డిస్కుకూ మొదట ఆ గాటు మూస్తాను. పారదర్శకమైన టేపు వేస్తే వెలుతురుతో కనిపెట్టే డ్రైవులకు అది మూసినట్టు అనిపించదు, నల్లటి టేపే కావాలి.

వేగం సంగతి క్లుప్తంగా. మంచి డిస్కు ఒకటి రెండు నిమిషాల్లో అయిపోతుంది. డ్రైవు ఎంత వేగంగా తిరుగుతోందో కొలిచే ఆజ్ఞ గ్రీజ్‌వీజిల్‌లో ఉంది. వానాకాలం ముందు, తర్వాత చూస్తుంటాను. ఇన్నేళ్లలో నా డ్రైవులు 300 దగ్గరే నిలకడగా ఉన్నాయి. ఎఫ్‌డీ-55 వరుసలో మోటారు నేరుగా ఇరుసునే తిప్పుతుంది. బెల్టు లేదు కాబట్టి అది సాగడం, తెగడం అన్న బాధ లేదు. పాత డ్రైవు కొనాలనుకునేవారు ఈ ఒక్క సంగతి చూసుకున్నా సగం చిక్కులు తప్పుతాయి.

నచ్చనివి కూడా ఉన్నాయి. మొదటిది, ఇదంతా ఆజ్ఞలు టైపు చేసి నడిపించే పని. ఫ్లాపీ పెట్టగానే తెర మీద ఒక బొమ్మ వచ్చి, దాన్ని నొక్కితే దస్త్రాలు కనిపించే సౌకర్యం లేదు. ముందు ప్రతిబింబం తీయాలి, ఆ తర్వాత దాన్ని వేరే సాధనంతో తెరవాలి. పీసీ డిస్కుల ప్రతిబింబాన్ని సెవెన్‌జిప్ కూడా తెరుస్తుంది, కాబట్టి రెండో అంచె తేలికే. అయినా ఇంట్లో పెద్దవారు తమంతట తాము చేసుకునే పని కాదిది, పక్కన ఒకరు కూర్చోవాలి. నిజం చెప్పాలంటే నేరుగా దస్త్రాలు తెరవనివ్వకపోవడం మంచిదే, డిస్కు మీద తెలియకుండా ఏదీ రాయబడదు. కానీ అందరికీ అందుబాటులో ఉండాలన్న కోరికతో చూస్తే ఇది లోటు.

రెండోది, ఈ డ్రైవు అన్ని డిస్కులకూ సరిపోదు. 1.2 మెగాబైట్ల ఫ్లాపీలకు ఎఫ్‌డీ-55జీఎఫ్‌ఆర్ లాంటి వేరే డ్రైవు కావాలి, అది నాకు ఇంకా దొరకలేదు. 3.5 అంగుళాల వాటికి పాత పీసీ నుంచి తీసిన డ్రైవును మామూలు కేబుల్‌తో ఇదే బోర్డుకు మార్చి మార్చి పెడుతున్నాను. దానికి 5 వోల్టులే చాలు, సరఫరా గురించి బెంగ లేదు.

మూడోది, రాయడం. గ్రీజ్‌వీజిల్ డిస్కుల మీద రాయగలదు కూడా. కానీ 80 ట్రాకుల సన్నని హెడ్డుతో, ఒకప్పుడు 40 ట్రాకుల డ్రైవులో వాడిన డిస్కు మీద రాస్తే, పాత వెడల్పాటి గీత అంచులు రెండు పక్కలా మిగిలిపోతాయి. మళ్లీ 40 ట్రాకుల డ్రైవులో పెట్టినప్పుడు కొత్తది, పాతది కలిసి వినిపించి ఏదీ చదవలేదు. పూర్తిగా అయస్కాంతంతో చెరిపిన డిస్కు మీదనైతే ఫరవాలేదు. పాత కంప్యూటర్లు ఇంకా నడిపించేవారికి ఫ్లాపీలు తయారుచేసి ఇవ్వాలనుకుంటే ఈ పెట్టె నమ్మదగినది కాదు. వారికి యూఎస్‌బీ పుల్లను ఫ్లాపీ డ్రైవులా నటింపజేసే గోటెక్ పరికరం మేలు. దానికి ఫ్లాష్‌ఫ్లాపీ అనే మెరుగైన సాఫ్ట్‌వేర్ రాసింది కూడా ఈ కీర్ ఫ్రేజరే.

విడిభాగాల కొరత మున్ముందు పెరుగుతుంది. ఈ డ్రైవులు ఇప్పుడు ఎవరూ తయారుచేయడం లేదు. బడుల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో, ప్రెస్సుల్లో తుక్కు అమ్మేటప్పుడు కంప్యూటర్ పనిచేయడం లేదన్న కారణంతో పక్కనున్న డ్రైవు పెట్టెను కూడా కిలోల లెక్కన తూకానికి వేసేస్తున్నారు. దయచేసి అలా చేయకండి. కంప్యూటర్ పోయినా డ్రైవు బతికి ఉండవచ్చు. దాన్ని దాచేటప్పుడు, ప్రయాణంలో పంపేటప్పుడు ఫ్లాపీ దూర్చే చోట అట్ట ముక్క ఒకటి పెట్టి మీట మూయండి. రెండు హెడ్లు ఒకదానికొకటి కొట్టుకోకుండా అది కాపాడుతుంది.

ఫ్లాపీలు ఉన్నవారికి నా విన్నపం కూడా అలాంటిదే. చదవవు అనుకుని పారేయకండి, చదువుతాయేమో చూద్దామని ఎక్కడో ఒక పాత కంప్యూటర్‌లో దూర్చనూవద్దు. గాటు మీద నల్ల టేపు వేయండి. డిస్కు మీద బాల్‌పాయింట్ పెన్నుతో ఒత్తి రాయకుండా, విడిగా ఒక కాగితం మీద ఎవరిదో, ఏ ఊరిదో, ఏ కంప్యూటర్‌లో వాడారో గుర్తున్నంత రాసి కవరులో పెట్టండి. తెలుగు, ఒడియా రెండూ అందులో ఉన్నాయని తెలిస్తే అది తప్పక రాయండి, మార్చేటప్పుడు లిపి గుర్తులు ఎక్కడ వెతకాలో ముందే తెలుస్తుంది. సిలికా జెల్ పొట్లం వేసిన డబ్బాలో పెట్టి, వానలు మొదలయ్యేలోగా ఇలాంటి డ్రైవు ఉన్నవారి దగ్గరికి చేర్చండి.